పేరు మారితే తీర్పు మారుతుందా?

మానవునికి అల్లాహ్ అనుగ్రహించిన వరాలలో బుద్ధి ఎంతో గొప్పది. మంచిచెడులను వేరుచేసి చూపేది అదే. నమాజు, ఉపవాసం వంటి విధులు బుద్ధి ఉన్నవారి మీదే ఉంటాయి. షరీఅత్ కాపాడే ఐదు విషయాలుగా ధర్మపండితులు ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ధనాలను పేర్కొన్నారు. మరి ఈ అమానతును మనిషి తన చేతులారా కాసేపు పక్కన పెట్టవచ్చునా? ప్రశ్న పాతదే. కాని నేడు అది కొత్త వేషంలో మన ఇళ్ళ ముందుకు వస్తోంది.

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం యువకులు ఎందరో అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. 2010 తర్వాత ఆ నగరంలో తమ దగ్గరే బీరు తయారుచేసి అక్కడే పోసిచ్చే పబ్బులు చాలా వెలిశాయి. వాటిని మైక్రోబ్రూవరీలు అంటారు. "ఇది సంసారాలు కూల్చిన సారా కాదు కదా మౌలానా! ఇదొక కళ. ప్రపంచమంతా గౌరవించే సంస్కృతి. పైగా మత్తు చాలా తక్కువ" అని చదువుకున్న యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. కోపంతో కసిరితే వారు మళ్ళీ అడగరు. కనుక వారి మాటను ముందు న్యాయంగా విందాం.

కళ నిజమే, అయితే...

బీరు తయారీలో నేర్పు ఉందన్నది నిజమే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. దాన్ని మరపట్టి వేడినీటిలో కలిపితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిలో చేదు కోసం హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు. చల్లార్చాక ఈస్టు కలిపితే అది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. కాస్త వెచ్చగా పులియబెడితే ఒక రకం, చల్లని చోట వారాల తరబడి ఉంచితే మరో రకం, గింజను మాడేదాకా వేయిస్తే నల్లని రకం. జర్మనీలోని బవేరియాలో బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ ఉండరాదని 1516లోనే శాసనం చేశారు. పులియడంలో ఈస్టు చేసే పనిని లూయీ పాశ్చర్ వివరిస్తూ 1876లో బీరు మీద ఒక గ్రంథమే రాశాడు. బెల్జియం దేశపు బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా కాదనవలసిన అవసరం ముస్లింకు లేదు. మద్యంలో, జూదంలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని దివ్య ఖుర్ఆనే (బఖరా: 219) ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే వాటి పాపం ప్రయోజనం కన్నా పెద్దదని తేల్చింది. ధర్మవరం పట్టునే చూడండి. ఆ నేతలోని నేర్పును, ఆ రంగుల అందాన్ని కాదనేవారెవరు? అయినా శుద్ధమైన పట్టు ధరించడం మన పురుషులకు నిషిద్ధం, స్త్రీలకు ధర్మసమ్మతం. పట్టు అందం ఇద్దరికీ ఒకటే, తీర్పు మాత్రం వేరు. అందం వేరు, అనుమతి వేరు. ఒక వస్తువు ఎంత నేర్పుగా తయారైందన్న ప్రశ్నకు వచ్చే జవాబు, దాన్ని వాడవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు కాజాలదు.

గీత ఎక్కడ ఉంది?

కొందరు మరోవైపు అతిగా పోతారు. మాల్ట్ అన్న మాట వినగానే జంకుతారు. ఇది సరికాదు. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, వేయించి మన ఇళ్ళలో చేసే రాగి మాల్ట్ హలాల్. ఇడ్లీ పిండి పులుస్తుంది, రొట్టె ఈస్టుతోనే పొంగుతుంది, సిర్కాను దైవప్రవక్త (స) మంచి కూరగా మెచ్చుకున్నారు. ఈతచెట్టు నుంచి తెల్లవారుజామున దించిన తియ్యని నీరా వేరు, అదే పులిసి మత్తెక్కించే కల్లు వేరు. చెట్టు, ధాన్యం, పులియడం - వీటిలో దేనిలోనూ దోషం లేదు. గీత మత్తు దగ్గరే ఉంది.

ఈ గీత మేము గీసింది కాదు. యమన్‌కు వెళ్ళిన హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) అక్కడివారు తేనెతో చేసే బిత్అ, బార్లీతో చేసే మిజ్ర్ అనే పానీయాల గురించి విచారించారు. మిజ్ర్ అంటే ఆ కాలపు బీరే. మత్తు కలిగించే ప్రతిదీ హరామ్ అని దైవప్రవక్త (స) ఒకే సూత్రం చెప్పారు. మాది చలిప్రదేశం, కష్టమైన పనులు చేస్తాం, అందుకే గోధుమ పానీయం తాగుతామని మరొకరు విన్నవించుకున్నప్పుడు కూడా ఆయన అడిగింది ఒక్కటే, అది మత్తు కలిగిస్తుందా అని. అవునన్నాక దానికి దూరంగా ఉండమన్నారు. దేశాచారం, వాతావరణం, రుచి ఏవీ లెక్కలోకి రాలేదు.

"తక్కువే కదా" అన్న వాదానికీ హదీసులో సమాధానం ఉంది. ఎక్కువ మోతాదు మత్తు కలిగించేదైతే దాని కొద్దిపాటి మోతాదు కూడా హరామే. ధాన్యపు పానీయాల మీద పూర్వపు హనఫీ పండితుల నడుమ చర్చ జరిగిన మాట వాస్తవం. అయితే మన మజ్హబ్‌లో ఫత్వా ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అభిప్రాయం మీదనే ఉంది. కొంచెమైనా, ఎక్కువైనా నిషిద్ధమే. ఇక లెక్క చూద్దాం. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో సుమారు 32 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది దాదాపు 13 మాత్రమే. అంటే ఒక్క సీసా రెండు పెగ్గులకు మించినది! సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో ప్రకటించింది.

పేదవాని సారా, ఉద్యోగి బీరు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద స్త్రీలు సారాపై తిరగబడ్డారు. వారి పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మన హిందూపురం శాసనసభ్యుడిగా ముఖ్యమంత్రి పదవి చేపట్టిన ఎన్.టి. రామారావు గారు 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో దాన్ని సడలించారు.

కూలివాడు తాగితే తాగుబోతు, ఉద్యోగి తాగితే రసజ్ఞుడు - ఇదేం న్యాయం? ఒకనికి వ్యసనమైనది మరొకనికి సంస్కృతి ఎలా అయింది? గ్లాసు మారింది, ధర మారింది, పేరు మారింది. లోపలున్న ఆల్కహాలు మారలేదు. తన సముదాయంలో కొందరు మద్యానికి వేరే పేరు పెట్టి తాగుతారని దైవప్రవక్త (స) ముందే హెచ్చరించారు. ఆ హెచ్చరిక మనకు వర్తించదని ధీమాగా చెప్పగలమా?

ప్రభుత్వ చట్టం వస్తుంది, పోతుంది. మనసులో దైవభీతి లేకపోతే ఏ నిషేధమూ నిలవదు. ఖుర్ఆన్ దశలవారీగా హృదయాలను సిద్ధం చేసింది. చివరికి మాయిదా సూరా (90) ఆజ్ఞ రాగానే మదీనా వీధుల్లో మద్యం పారబోశారు. వారి వెనుక ఏ పోలీసూ నిలబడలేదు.

మనం చేయవలసింది

ప్రియ సోదరులారా! కార్యాలయ విందులో సున్నితంగా, స్పష్టంగా వద్దని చెప్పండి. మద్యం తిప్పే బల్ల దగ్గర కూర్చోవద్దన్నది ప్రవక్త (స) ఉపదేశం. తాగే సహోద్యోగిని చిన్నచూపు చూడకండి, అతనితో టీ తాగండి, మంచిగా మెలగండి. మద్యాన్ని తయారుచేసేవాడు, మోసేవాడు, అమ్మేవాడు కూడా శాపానికి గురవుతారని హదీసు. కనుక జీతం ఎంతైనా ఆ ఉపాధిని ఎంచుకోకండి. ఇప్పటికే అందులో ఉన్నవారు గట్టిగా వేరే దారి వెతకండి. వారికి ఆ దారి చూపడం జమాఅతు బాధ్యత కూడా.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ జారిపడ్డాడని తెలిస్తే తలుపులు మూయకండి. మాటిమాటికీ తాగి పట్టుబడిన ఒక మనిషిని ఎవరో శపించగా దైవప్రవక్త (స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని చెప్పారు. శిక్ష తప్పలేదు, ఆప్యాయతా తగ్గలేదు. పాపాన్ని పాపమనే అందాం, మనిషిని మనవాడనే అందాం. తౌబా తలుపు తెరిచే ఉంది.

అల్లాహ్ మన బుద్ధులను, మన బిడ్డలను కాపాడుగాక! పేర్ల మోసంలో పడకుండా సత్యాన్ని సత్యంగా చూసే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.