మూడు కొండలూ, ఒక ప్రశ్న

విశాఖ రేవు ఒడ్డున మూడు కొండలున్నాయి. ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, మరొకదానిపై వెంకటేశ్వరుని గుడి. హిందూమతం స్వభావతః సహనశీలమనీ, అహింసే దాని ప్రాణమనీ వాదించేవారికి ఇదొక మంచి సాక్ష్యం. దర్గాకు మొక్కుకునే హిందువులున్నారు గనుక ఆ సాక్ష్యం అబద్ధమూ కాదు. అయితే ఆ సహనం కలిసి బతికిన సామాన్యులు సంపాదించుకున్నది; ధర్మశాస్త్రాలు దానం చేసింది కాదు.

అహింస కూడా అంతే. యజ్ఞపశువు పక్షాన ప్రశ్నించిన బౌద్ధ, జైన శ్రమణుల వాదాల్లో అది బలపడింది. కళింగ రక్తపాతానికి అశోకుడు పశ్చాత్తాపపడ్డాడు. ఆ బౌద్ధానికి ఆనవాళ్ళు తొట్లకొండ, బావికొండ ఆరామాలు. 1956లో అంబేద్కర్ వెతుక్కుంటూ వెళ్ళిందీ ఆ దారినే.

ఎందుకు వెళ్ళవలసివచ్చింది? పరమతాన్ని సహించటం వేరు, సాటిమనిషిని సమానుడిగా ఒప్పుకోవటం వేరు. 2012 జూన్ 12న, అప్పటి శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపారు. మడ్డువలస జలాశయానికి సేకరించగా మునగక మిగిలిన భూమిని వాళ్ళు దున్నుకోవటమే నేరమైంది. “అది భూమి తగాదా, మతానికేం సంబంధం?” అంటారు. నిజమే, మూలం భూమే. కాని ఫలానావారు భూమికి తగరనే ధీమా కులం ఇచ్చింది; ఆ కులానికి పవిత్రత కట్టబెట్టింది మతం.

కనుక అహింసకు పరీక్ష కొండమీది గుడిలో కాదు, ఊరి పొలంలో. అక్కడ గెలవని సహనాన్ని చూసి గర్వపడే హక్కు మనకు లేదు.