ఎముక చేతికిచ్చి

విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలోనైనా, హైదరాబాదు ఉస్మానియాలోనైనా, క్లాసులో అయిపోయిన పాఠం రాత్రి హాస్టల్ గదిలో మళ్లీ మొదలవుతుంది.

సీనియర్ అక్క జూనియర్ చేతిలో దండచేయి ఎముక పెడుతుంది. "కళ్లు మూసుకుని వెనకవైపు తడుము. ఏటవాలుగా గాడి తగిలిందా? రేడియల్ నరం అందులోంచే పోతుంది. అక్కడ విరిగితే?" ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి తన మణికట్టు వేలాడేసి చూపిస్తుంది. పరీక్ష అయిపోయినా ఆ పాఠం మరిచిపోదు.

ఆ పాఠంలోని చిక్కు అక్కకు నిరుడే ఎదురైంది. ఎక్కడ తడబడతారో ఆమెకు బాగా తెలుసు. మాస్టారికి అది ఎప్పుడో దాటేసిన వాగు. చెప్పేవాళ్లకూ లాభమే, "ఎందుకని?" అని ఎదుటివాళ్లు అడిగినప్పుడే మన పట్టు ఎంతో తేలుతుంది. అయితే తప్పు కూడా ఇలాగే చేతులు మారుతుంది. అనుమానమొస్తే పుస్తకం తెరవాలి, మాస్టారిని అడగాలి.

తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లీషు గ్రంథాలు మింగుడుపడవు. తోటివాళ్లు విడమరచి చెబితే కుదుటపడతారు. ఆ తెలుగు మీడియం పిల్లలే వార్డులో రోగి మంచం పక్కన నిలబడి, "ఆయాసం మెట్లెక్కితేనేనా, పడుకున్నా వస్తోందా తాతా?" అని అడుగుతుంటే, ఆలిండియా కోటాలో ఉత్తరాది నుంచి వచ్చిన స్నేహితుడు పక్కనే ఉండి నేర్చుకుంటాడు. గుండె బలహీనత జాడ ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోనే దొరకవచ్చు. ఇలా ఒకరికొకరు నేర్పుకోవడానికి కాలేజీలు టైంటేబుల్లో ఒక గంట కేటాయిస్తే ఎంత బాగుండును!