సూది ఎవరి చేతికి?

ఊరి మనిషికే నాలుగు మందులు, నాలుగు జాగ్రత్తలు నేర్పి ఊరి ఆరోగ్యం చూసుకోమంటే ఏమవుతుంది? ఆమె ఊరికి పెద్దదిక్కు అవుతుందా, దవాఖానకు ఊళ్లో ఇంకో పనిమనిషి అవుతుందా? 1977లో డేవిడ్ వెర్నర్ ఈ ప్రశ్ననే ఇంతకంటే కటువుగా అడిగాడు. మెక్సికో కొండపల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. తెలుగులో ‘వైద్యుడు లేనిచోట’గా వచ్చిన పుస్తకం ఆయనదే. పల్లె ఆరోగ్య కార్యకర్త పైవాళ్లకు బంటా, కిందివాళ్లకు విముక్తిదాతా అన్నది ఆయన సందేహం. ఆ ఏడాదే గాంధీ జయంతి నాడు జనతా ప్రభుత్వం ‘ప్రజల ఆరోగ్యం ప్రజల చేతుల్లో’ అంటూ ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టింది. నెలకు 50 రూపాయలు. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, అందులోనూ ఊరిపెద్దల మనుషులు. పాతికేళ్లకు ఆ పథకం చడీచప్పుడు లేకుండా ముగిసిపోయింది. ప్రజల చేతులంటే ఎవరి చేతులో ముందు తేల్చుకోలేదు మరి.

పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఈ ప్రశ్న రెండు రకాలుగా ఎదురవుతుంది. నల్లమలలో చెంచుల చిన్న ఆవాసాలైన పెంటలు, దేవరకొండ, చందంపేట వైపు లంబాడా తండాలు. బతుకులు వేరు, కష్టాలు వేరు. రెండు చోట్లకూ వచ్చేది మాత్రం ఒకే పథకం, ఒకే రిజిస్టర్.

1940లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య గడిపి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన చూసిన పెంటల్లో పెద్దమనిషి ఉన్నాడు గానీ అతనికి హుకుం జారీచేసే అధికారం లేదు. తగువొస్తే సర్దిచెప్తాడు, అంతే. పొసగని కుటుంబం మూటాముల్లె సర్దుకుని చుట్టాలున్న ఇంకో పెంటకు పోతుంది. పెద్దమనిషి మాట నచ్చకపోతే వెళ్లిపోవడానికి అడవంత జాగా ఉన్న సమాజం అది. ఆ తర్వాత గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వచ్చింది, 1983లో పులుల అభయారణ్యం వచ్చింది, డిపో బియ్యం వచ్చాయి. జాగా తగ్గింది, ఆఫీసులు పెరిగాయి. ఇప్పుడు వాళ్లలోంచి ‘స్థానిక నాయకత్వం’ ఎదగాలంటున్నాం. పెంటకు నాయకురాలు కావాలని అడుగుతున్నది పెంటేనా? లేక మాట్లాడటానికి, సంతకం పెట్టించుకోవడానికి ఎవరో ఒకరు కావాలన్నది ఆఫీసు అవసరమా? అధికారం లేకుండానే తరాలుగా నెగ్గుకొచ్చినవాళ్లకు మనం అధికారం నేర్పబోతున్నామంటే, కాస్త ఆగి ఆలోచించాల్సిన సంగతే.

అట్లాగని ఈ తర్కాన్ని మరీ దూరం లాగలేను. బిడ్డ అడ్డం తిరిగిన రాత్రి హైమెండార్ఫ్ పుస్తకం పనికిరాదు. పసిబిడ్డ పోవడం సంస్కృతి కాదు, చావు. ఆ రాత్రి అచ్చంపేట దాకా పోవాలా వద్దా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. నొప్పులు పడుతున్నామెకు దవాఖానంటే భయం. అక్కడ కసురుతారని భయం, భాష తేడాకు నవ్వుతారని భయం, వెంట వచ్చిన ముసలమ్మకు కూచునే చోటుండదని భయం. “పోదాం పా అక్కా” అని ఎవరైనా అనొచ్చు. “నువ్వొస్తవా ఎంబడి?” అన్న దానికి “నేనే వస్త, తెల్లారేదాక నీ దగ్గర్నే ఉంట” అనగలిగినామె మాటే చెల్లుతుంది. నా దృష్టిలో నాయకత్వమన్న పెద్దమాటకు అక్కడ దొరికే అర్థం ఇదే. శిక్షణ శిబిరంలో ఇచ్చే సర్టిఫికెట్‌కు, దీనికి సంబంధం తక్కువ.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు ఆశ కార్యకర్తలొచ్చారు. వెయ్యి జనాభాకు ఒకరన్నది లెక్క. కొండకోనల్లో, గిరిజన ఆవాసాల్లో ఆ లెక్క సడలించి ఆవాసానికి ఒకరిని పెట్టొచ్చు. ఎనిమిదో తరగతి చదివుండాలన్న అప్పటి నియమాన్నీ అవసరమైతే సడలించొచ్చు. ఈ రెండో సడలింపు చాలా ముఖ్యమైనది. చదువు గీత దగ్గర పట్టుబడితే పెంటకు పెంట మనిషి దొరకదు, రోడ్డు పక్క ఊరి నుంచి ఎవరో వస్తారు. “ఎంబడి వస్తవా” అన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుండదు.

ఆశ కార్యకర్త చేసే పని ఒక్కటి దగ్గరగా చూద్దాం. కాన్పు దవాఖానలో అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు బాలింత ఇంటికి పోవాలి. సంచిలోంచి గుడ్డ ఉయ్యాల తీసి, బిడ్డను అందులో వేసి, కొక్కెం ఉన్న తూకం గొట్టాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంటుంది. బిడ్డ కాళ్లాడిస్తుంటే ముల్లు నిలవదు. నిలిచేదాకా చెయ్యి దించకూడదు, అంకె కంటి ఎదురుగా ఉండాలి. ముల్లు తక్కువ బరువు చూపే ఎర్రగీత దగ్గరుంటే మళ్లీ తూస్తుంది. నానమ్మ పక్కనుంచి “బిడ్డకు దిష్టి తగుల్తది, ఇగ చాలు” అంటుంటుంది. తూకం రాసుకుని, నానమ్మను నొప్పించకుండా, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టమని చెప్పి రావాలి. ఆరుసార్లకూ కలిపి కేంద్రం లెక్కలో 250 రూపాయలు.

ఈ పద్ధతి ఢిల్లీలో పుట్టింది కాదు. మన సరిహద్దు దాటగానే ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ కొద్దిపాటి చదువున్న పల్లె ఆడవాళ్లకు పసిగుడ్ల సంరక్షణ నేర్పారు. 39 ఊళ్లలో ఆ ప్రయోగం జరిగింది. 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలొచ్చాయి. నెలలోపు శిశువుల మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయి. ఆ ఆడవాళ్లు బిడ్డకు ఒళ్లంతా విషం పాకుతోందని గుర్తుపట్టి జెంటామైసిన్ సూది కూడా వేశారు. 2011లో దేశమంతా ఆ పద్ధతి తెచ్చుకున్నప్పుడు తూకం, థర్మామీటరు ఆశల చేతికొచ్చాయి. సూది రాలేదు. దానికి కారణాలు చెప్తారు. శిక్షణ సరిపోదని, పర్యవేక్షణ కుదరదని, పొరపాటైతే బాధ్యత ఎవరిదని. ఏదీ కొట్టిపారేయదగ్గది కాదు. లక్షలమందికి నేర్పడం, 39 ఊళ్లలో నేర్పడం ఒకటి కాదు కూడా. అయినా కొలిచే పని ఆమెకిచ్చి, కాపాడే పని ఇంకొకరి దగ్గర అట్టిపెట్టుకున్నాక ఆమెను నాయకురాలు అనడానికి నాకు నోరు రావడం లేదు.

తండాల్లో చిక్కు ఇంకోలా ఉంటుంది. 1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ తండాల నుంచి ఆడపిల్లల్ని దత్తత సంస్థలకు అమ్ముతున్నారన్న వార్తలు దేశమంతా పాకాయి. అంతకుముందు నుంచే పసికందుల చావుల మాట ఉంది. ఒకప్పుడు పెళ్లికి మగపెళ్లివారే ఓలి ఇచ్చుకున్న సమాజంలోకి కట్నం వచ్చింది, కరువు వచ్చింది, మూడో ఆడపిల్ల బరువైంది. తప్పు తండాదని వేలు చూపడం తేలిక. కట్నం తండాలో పుట్టలేదు. ఇప్పుడు తండాలో ఆశ కార్యకర్తను తలుచుకోండి. ఎవరికి నెల తప్పిందో అందరికంటే ముందు ఆమెకు తెలుస్తుంది. నాలుగో కాన్పు అని తెలుసు, ముందు ముగ్గురూ ఆడపిల్లలే అని తెలుసు. రాసి పైకి పంపితే ఆమె ప్రభుత్వం కన్ను. రాయకుండా ఊరుకుంటే పుట్టబోయే బిడ్డకు దిక్కెవరు? మర్నాడు నీళ్ల కాడ, పండుగ కాడ ఆమె నిలబడాల్సింది ఆ ఇళ్లవాళ్ల పక్కనే. బయటి నుంచి వచ్చే నర్సమ్మకు ఈ నరకం లేదు. తన వాళ్లకు కాపలా కాయమన్నప్పుడు ఎవరి తరఫున అన్నది మనం చెప్పకుండా, ఆమె తెలివికి వదిలేశాం. తెగించి ఏదో ఒక దారి పట్టినామెకు వెన్ను కాచేవాళ్లు లేకపోతే అది సాధికారత కాదు, బలి.

నల్లగొండ ఇంకో దృశ్యాన్నీ చూసింది. 2003లో జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ, ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంకర్లుపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని ఢిల్లీ తీసుకుపోయి ప్రధాని వాజపేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. మాటలతో, కాగితాలతో కదలనివాళ్లు ఆ శరీరాన్ని చూశారు. స్వామి 2023లో చనిపోయేదాకా ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం సాగిన పోరాటానికి ముఖంగానే ఉన్నాడు. ఆ బల్ల మీద అతను నాయకుడా, సాక్ష్యమా? నాకిప్పటికీ తేలని ప్రశ్న. ఆశ కార్యకర్త నెలనెలా పంపే రిజిస్టర్ చూసినా నాకు అదే తోస్తుంది. అందులో ఊరి జబ్బు ఉంటుంది, ఊరి మాట ఉండదు.

ఊరి మాటేమో గానీ, తమ మాట వాళ్లు రోడ్డు మీద చెప్పారు. 2015లో తెలంగాణ ఆశలు వంద రోజులు దాటి సమ్మె చేశారు. గొంతెత్తి మాట్లాడటం, అధికారి ఎదుట కూచోవడం, పక్క మండలం ఆడవాళ్లతో కలిసి నడవడం ఏ శిక్షణలోనూ లేని పాఠాలు. 2017లో పారితోషికం 6,000కు పెరిగింది, 2022కల్లా 9,750 అయింది. ఆ 2022లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశలందరికీ కలిపి ఆరోగ్య నాయకత్వ పురస్కారం ఇచ్చింది. నాయకులన్నారు సరే, ఉద్యోగులని మాత్రం ఇంకా అనలేదు. నాయకత్వం కావాలని కోరుకునే ప్రభుత్వాలకు ఈ రకం నాయకత్వం అంతగా రుచించదు.

నన్నడిగితే ముందు ఆ రిజిస్టర్‌లో కొన్ని తెల్ల పేజీలు కలపమంటాను. పైనుంచి అడిగిన గడులు నింపడం అయ్యాక, ఆమె అడగదలచుకున్నవి రాసుకోవడానికి. బండి ఎందుకు రాలేదు, మందు ఎందుకు అందలేదు, దవాఖానలో ఎవరు కసిరారు. రాయడం రాని చెంచు ఆడమనిషైతే చెప్తే ఎవరో ఒకరు రాయాలి. గ్రామ ఆరోగ్య కమిటీకి ఆశే సభ్య కార్యదర్శి అని జాతీయ మార్గదర్శకాల్లో ఎలాగూ ఉంది. కాబట్టి ఆ పేజీ కమిటీలో చదవాలి, మెడికల్ ఆఫీసరు దాని కిందనే జవాబు రాసి సంతకం పెట్టాలి. జవాబు రాకపోతే ఆయన జీతంలో ఏం కోత పడుతుందన్నది కూడా ముందే రాసిపెట్టుకుంటే మంచిది.