చెవియే సాక్షి

సంగీతము నేర్పువాని ధర్మమేమి? తనకు వచ్చిన పాటను శిష్యునకు యథాతథముగా అప్పగించుటయా? లేక శిష్యుడు తన పాటను తానే పరీక్షించుకొనగల శక్తిని కలిగించుటయా? ఈ ప్రశ్న విద్వాంసులకు మాత్రమే చెందినదని చదువరులు తలపరాదు. పిల్లలను పెంచు ప్రతి గృహమునకును ఇది యేదో యొక వేషమున వచ్చుచునే యుండును.

పూర్వము పెండ్లిచూపులనాడు పాడించుటకై ఆడుపిల్లలకు నాలుగు కీర్తనలు నేర్పెడివారు. ఆ మోజు తగ్గినదని సంతసించునంతలో దాని స్థానమున వేదిక వచ్చినది. మా నర్సీపట్నమువంటి ఊళ్లలో బిడ్డకు కీబోర్డు కొనియిచ్చిన తల్లిదండ్రులు ఆరు నెలలు గడవకమునుపే "అమ్మాయి సభలో ఎప్పుడు వాయించును?" అని గురువును అడుగుచున్నారు. గురువు పాపమేమి చేయును? ఒక కీర్తనను వ్రేళ్లకు బట్టీ పట్టించును. సభవారు చప్పట్లు కొట్టుదురు. మరునాడు దానినే మరియొక శ్రుతిలో వాయింపుమన్నచో ఆ వ్రేళ్లు కదలవు. దీనిని విద్య యనవచ్చునా?

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. అప్పుడు విజయనగరమును నర్సీపట్నమును ఒకే విశాఖపట్టణము జిల్లాలోనివి. ఆదిభట్ల నారాయణదాసుగారు ఆ కళాశాలకు మొదటి ప్రధానాచార్యులు. శిష్యుడుగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 26 ఏండ్ల ప్రాయమున అచటనే ఫిడేలు ఆచార్యులైరి; 1936లో ప్రధానాచార్యులైరి. చిన్ననాటనే చూపు మందగించి బడిచదువు సాగని ఆయనకు అన్నగారే తొలి గురువు. ప్రక్కవాద్యముగా నుండిన ఫిడేలును ఏకవాద్యముగా సభలయందు నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యులు. కంటికి అందని దానిని చెవి యెంతవరకు అందుకొనగలదో ఆయన జీవితమే చెప్పుచున్నది.

ఫిడేలునే యేల తలచితిమన, ఈ ప్రశ్న దానియందు స్పష్టముగా కనబడును. వీణకు మెట్లున్నవి, హార్మోనియమునకును పియానోకును మీటలున్నవి. ఫిడేలుపై వ్రేలు ఎచ్చట ఆగవలెనో చూపు గుర్తు లేదు. చెవియొక్కటే సాక్షి. కనుక గురువు ప్రక్కన కూర్చుండి ప్రతి అపస్వరమును తానే దిద్దుచుండెనేని, ఆయన లేచిపోయిన క్షణముననే స్వరమును లేచిపోవును. పియానో నేర్పువానికి ఈ బాధ్యత తప్పినదని యనుకొనరాదు. స్వరస్థానము సిద్ధముగా నున్నను, ఏ మీటను ఎంత బరువుతో తాకవలెను, ఎచ్చట నిశ్శబ్దముగా నిలువవలెను అను నిర్ణయమును మీటలు చేయవు.

శిష్యునకు ఇట్టి స్వాతంత్ర్యమిచ్చినచో గురుభక్తి నశింపదా యని కొందరందురు. ఈ యాక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. సరళివరుసలు, జంటవరుసలు గురువును అనుకరించియే నేర్వవలెను; మొదటినాడే స్వతంత్రించినవానికి శ్రుతియే కుదురదు. కాని అనుకరణము మెట్టే గాని మేడ కాదు. సాలూరివారగు పట్రాయని సీతారామశాస్త్రిగారు విజయనగరమున బాలుడగు ఘంటసాల వెంకటేశ్వరరావునకు ప్రతిఫలము కోరక తమ యింటనే పాఠము చెప్పిరి. ఆ శిష్యుడు గురువు నడచిన త్రోవనే నడువలేదు. చలనచిత్రములలో పాడి తెలుగువారి యిండ్లన్నిట వినబడెను. అందువలన గురువునకు లోటు కలిగినదా? ఆయన నిలిపిన శ్రుతియే ఇంటింటికి పోయినది. తన నకలును చూచుకొన గోరు గురువు ఇంతటి ఫలమును కనజాలడు.

అట్లయిన సభ వలదా? వలయును. ఒంటరిగా వాయించునపుడు దాగిన లోపము పదిమందియెదుట బయటపడును. అయితే ఆ వేళ శిష్యుడు చప్పట్లను వినుచున్నాడా, తన నాదమును వినుచున్నాడా యనునదే గురువు చూడవలసినది. చప్పట్లనే వినుటకు అలవడిన చెవి, అవి లేనినాడు సాధనను మానును. పరుల మెప్పునుబట్టి తన మంచిచెడ్డలను నిర్ణయించుకొను బుద్ధి సంగీతముతోనే ఆగునని మేము తలపజాలము.

కావున తల్లిదండ్రులకు మాదొక మనవి. ఇకమీదట గురువును "మా అమ్మాయి ఎప్పుడు వేదిక యెక్కును?" అని అడుగకుడు. "తాను తప్పినపుడు, మీరు చెప్పకమునుపే, అది తనకు వినబడుచున్నదా?" అని అడుగుడు. వినబడుచున్నదని ఆయన చెప్పిననాడు మీరిచ్చిన జీతము సార్థకమైనదని నమ్ముడు.