గోండి చదువుతానన్న మనవరాలికి

మలక్‌పేట,
ఆగస్టు 30.

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.  

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆ పొడుగు మెసేజీకి అందులోనే జవాబివ్వడం నా వల్ల కాలేదు. బొటనవేలితో కొట్టి పంపే విషయం కాదది. కాగితం మీద రాసి, పక్కింటి కుర్రాడి చేత ఫొటోలు తీయించి పంపుతున్నాను. తీరిగ్గా చదువు.

అలాస్కాలో, జూనో అనే ఊళ్లోని యూనివర్సిటీలో ట్లింగిట్, హైడా, సిమ్షియన్ అనే మూడు ఆదివాసీ భాషలకి కాలేజీలోనే క్లాసులు నడుస్తున్నాయని రాశావు. అది తెలిశాక నీకూ ఎం.ఏ. భాషాశాస్త్రంలో చేరి గోండి మీద పనిచేయాలని బుద్ధి పుట్టిందన్నావు. "గోండి నేర్చుకుని ఎవరితో మాట్లాడతావే?" అని మీ నాన్న అడిగాడన్నావు. వాడు వెటకారంగా అడిగినా ప్రశ్న మాత్రం మంచిదే. అక్కణ్ణుంచే మొదలెడతాను.

మాట్లాడే మనుషులకి కొదవ లేదు. 2011 జనగణనలో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు తేలారు. బోడో మాట్లాడేవాళ్లు 15 లక్షల లోపే. సంస్కృతం మాతృభాష అని రాయించుకున్నవాళ్లు పాతిక వేల మంది కూడా లేరు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో సంస్కృతం మొదటి నుంచీ ఉంది, 2003 సవరణతో బోడో, సంతాలీ వచ్చి చేరాయి. గోండి ఈనాటికీ లేదు. కాబట్టి మీ నాన్న అడగని ప్రశ్న ఇంకొకటుంది. అంతమంది ఉండగా మనబోటివాళ్లకి వాళ్ల భాషతో అవసరమే పడకుండా ఎలా గడిచిపోయింది?

మన మలక్‌పేట గంజ్‌కి ఒకసారి పొద్దున్నే రా, చూపిస్తాను. కర్నూలు ఉల్లిగడ్డ రైతు తెలుగు మాట్లాడతాడు, షోలాపూర్ లారీ డ్రైవరు మరాఠీ, కమీషన్ ఏజెంటు దక్కనీ ఉర్దూ. వేలంపాట అయ్యేసరికి ఒకళ్ల భాషలో ఒకళ్లు ధరలు చెప్పుకుంటుంటారు. "హౌ", "నక్కో" అనడం ఆ కర్నూలు రైతుకి ఏ బళ్లోనూ నేర్పలేదు. ఏజెంటు కూడా "గడ్డ తడిసింది, రెండు రూపాయలు తగ్గుతాది" అని శుద్ధమైన సీమ యాసలో అనగలడు. ఇది చూసి హైదరాబాదీలం మేం అన్ని భాషలనీ ప్రేమిస్తామని గొప్పలు పోతుంటాం. ప్రేమ సంగతేమో గానీ ఉన్నది బేరం. డబ్బు రెండువైపులా తిరుగుతుంది కాబట్టి భాష కూడా రెండువైపులా తిరుగుతుంది.

ఆదిలాబాద్ వైపు ఉట్నూరు సంతలో అలా తిరగదు. గోండు మనిషికి సొంత భాష కాక తెలుగూ మరాఠీ హిందీ ఎంతో కొంత రావలసిందే. దుకాణం సేటుకి పత్తి కొనడానికి సరిపోయే నాలుగు గోండి ముక్కలు వస్తాయి. బ్యాంకులో కూర్చున్నాయనకీ, ఆసుపత్రి నర్సుకీ, బడి మాస్టరుకీ అవి కూడా రావు, రాకపోయినా వాళ్ల ఉద్యోగానికి వచ్చిన లోటు లేదు. మోతంతా ఎప్పుడూ ఒక్కరి నెత్తిమీదే ఉంటుంది. కాలేజీలో కూర్చుని గోండి నేర్చుకోవడమంటే ఆ మోతలో కొంత మనం ఎత్తుకోవడం. నీ చదువుకి నేనిచ్చే అర్థం ఇదొక్కటే. తక్కినవన్నీ దీని కింద వచ్చేవే.

నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన రోజుల్లో ఒకటో తరగతిని గమనిస్తుండేవాణ్ణి. మాస్టరు "నిలబడు" అంటే కొత్తగా చేరిన పిల్లాడు మాస్టరి నోటివంక చూడడు, పక్కవాడి మోకాళ్లవంక చూస్తాడు. అవి లేస్తే లేస్తాడు, వంగితే కూర్చుంటాడు. వాచకంలో బొమ్మ చూపించి ఇదేమిట్రా అంటే టక్కున చెబుతాడు, గోండిలో. చెప్పింది నూటికి నూరుపాళ్లూ సరైన పేరే. అయినా తప్పే. అలాంటి పిల్లాడి పేరు ఎదురుగా ఒకాయన రిజిస్టరులో "మందబుద్ధి" అని రాశాడు. అదే పిల్లాడు సాయంత్రం వాగు ఒడ్డున ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో తోటిపిల్లలకి గడగడా చెబుతుంటే ఆయన ఆ పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. వినపడింది గానీ ఆయనకి అర్థమయ్యే దారి లేదు.

నిన్న ఆగస్టు 29 కదా, ఇక్కడ మూసారాంబాగ్‌లో తెలుగు భాషా దినోత్సవం సభ పెట్టారు. గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేశారు, తెలుగు తీయదనం మీద ఉపన్యాసాలిచ్చారు, పులిహోర పెట్టారు. ఆ పటంలోని మనిషి జీవితంలో సగం సవర భాషకి ఇచ్చేశాడన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు. పులిహోర మాత్రం బాగుంది.

ఆ సంగతి నీకు తెలియాలి. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఆయన మాస్టరు. చుట్టుపక్కల కొండల్లో సవరలు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని, అతన్ని గురువుగా పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. గోండి మనకి దగ్గరి చుట్టం, సవర అలా కాదు, ముండా కుటుంబానిది. తెలుగు వచ్చినంత మాత్రాన ఒక్క మాటా ఊహకందదు. చేతిలో పుస్తకం లేదు, ఆ భాషకి లిపి లేదు. అడవుల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు తెచ్చుకున్నాడు. చెవితో భాష పట్టేవాడికి చెవే పోవడం ఎంత నష్టమో ఆలోచించు. అయినా ఆపలేదు. 1913లో రావుసాహెబ్ బిరుదు వచ్చింది. సవర వ్యాకరణ గ్రంథం అచ్చయ్యేసరికి 1931. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి ఆయనకి డెబ్బై అయిదు. మద్రాసు ప్రభుత్వం సవర పుస్తకాలకి డబ్బివ్వబోతే, నాకొద్దు, దాంతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. లిపి లేని భాషకీ పటిష్ఠమైన వ్యాకరణం ఉంటుందని చెవితో తెలుసుకున్న మనిషి కాబట్టే, వాడుక తెలుగుకి వ్యాకరణం లేదన్న పండితులకి ఆయన లొంగలేదని నా అనుమానం. రుజువు చూపమంటే చూపలేను.

ఆయన దగ్గర నువ్వు నేర్చుకోవలసింది ముఖ్యంగా ఆ గురువు సంగతి. నీకు గోండి నేర్పేవాళ్లకి డిగ్రీలుండవు. బహుశా ఒక ముసలమ్మ, పశువుల దగ్గరికి పోతూ పోతూ ఒక అరగంట కూర్చుంటుంది. నీ ఉచ్చారణకి ఆమె, ఆమె కోడళ్లూ కడుపుబ్బ నవ్వుతారు. నవ్వనీ. భాషాశాస్త్రం వాళ్ల గ్రంథాలు కొన్ని తిరగేశాను. గ్రంథం ఇంత లావుంటుంది, మాటలన్నీ చెప్పిన మనిషి ఎక్కడో ఫుట్‌నోట్‌లో రెండు పొడి అక్షరాలుగా మిగులుతాడు. నువ్వలా చేయకు. ఆమె ఒప్పుకుంటే పేరు ముందు పేజీలో రాయి. కూలి పోగొట్టుకుని నీతో కూర్చున్నందుకు డబ్బివ్వు. మొహమాటపడి చీర పెట్టి సరిపెట్టకు. కాలేజీలో లెక్చరరుకి జీతం ఇస్తున్నప్పుడు ఈమెకి ఎందుకివ్వకూడదు? రికార్డు చేసిన పాటలు, కథలు ఒక ప్రతి ఆ ఊరికి ఇచ్చి రా.

నువ్వు చేరాలనుకుంటున్న ఉస్మానియా భాషాశాస్త్ర శాఖని 1962లో మొదలుపెట్టింది భద్రిరాజు కృష్ణమూర్తి గారు. అరకు వైపు మాట్లాడే కొండ భాష మీద ఆయన పుస్తకం 1969లో వచ్చింది. తెలుగుకి తమిళం కన్నా కన్నడం కన్నా గోండి, కొండ, కువి భాషలే దగ్గర అని తేల్చి చెప్పినవాళ్లలో ఆయన ముఖ్యుడు. నువ్వే చూస్తావు. "ఆమె వచ్చింది", "బండి వచ్చింది" అని మనం ఆడమనిషికీ బండికీ ఒకే క్రియ వాడతామా, గోండిలోనూ అంతే. రెండు, మూడు, నాలుగు అనడానికి వాళ్లు రండ్, ముండ్, నాలుంగ్ అంటారు. అన్నేళ్లు పక్క పక్కనే ఉన్న చుట్టాలని మనం కనీసం పలకరించలేదు.

మార్లవాయి పేరు విన్నావా? జైనూరు మండలం. 1940లో జోడేఘాట్‌లో తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం కాల్పుల్లో చనిపోయాక నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాలనిపించింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తని పంపింది. ఆయన భార్య బెట్టీతో ఆ ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడ గోండు మాస్టర్లకి శిక్షణ మొదలైంది. మరాఠీ అలవాటున్న ప్రాంతమని గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. మాతృభాషలో ఉన్నత విద్య అని ఉర్దూతో 1918లోనే యూనివర్సిటీ పెట్టుకున్న రాజ్యానికి, గోండి పిల్లలకి ఒకటో వాచకం ఇవ్వడానికి పాతికేళ్లు పట్టింది, అదీ తుపాకులు పేలాక. బెట్టీ 1987లో హైదరాబాదులో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. మన కాలంలో గుస్సాడీ ఆటకి పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఆ ఊరే.

ఆ తర్వాత 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వేసి బళ్లలో పెట్టారు. మంచి పని, ఊపు నిలవలేదు. నార్నూరు మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు బయటపడ్డాయి, జయధీర్ తిరుమలరావు గారి వంటివాళ్లు వాటికోసం శ్రమపడ్డారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకీ ఎక్కింది. సంతోషమే. కాకపోతే ఏ లిపి మాది అని వాదించుకుంటూ కూర్చుంటే లాభం లేదు. ఏదో ఒక లిపిలో ఆరో తరగతి సైన్సు పాఠం గోండిలో రాయగలిగినవాళ్లు కావాలి. నీకు కంప్యూటర్ బాగా వచ్చు. దాన్ని వదిలేయకు. కీబోర్డు, నిఘంటువు, పిల్లలకి వినిపించే పాఠాలు, వీటన్నిటికీ అది పనికొస్తుంది, నీ ఉద్యోగం గురించి మీ నాన్న భయమూ కొంత తగ్గుతుంది.

అలాస్కా గురించి ఒక మాట. వాళ్లని చూసి ఉత్సాహపడు గానీ వాళ్ల దుఃఖాన్ని అరువు తెచ్చుకోకు. అక్కడ హాస్టలు బళ్లలో సొంత భాష మాట్లాడిన పిల్లల్ని కొట్టి మాన్పించారు. అలాస్కాలోని 20 ఆదివాసీ భాషల్లో పిల్లలు ఇళ్లలో నేర్చుకుంటున్నవి రెండే అని మైకేల్ క్రౌస్ అనే పండితుడు 1992లో రాశాడు. 2008లో మేరీ స్మిత్ జోన్స్ అనే పెద్దావిడ పోవడంతో ఎయాక్ భాష ఆమెతోనే పోయింది. ఆ భాషలన్నిటినీ రాష్ట్ర అధికార భాషలుగా చేస్తూ చట్టం వచ్చింది 2014లో. అంటే ఇంట్లో ఆగిపోయినదాన్ని కాలేజీ భుజాన వేసుకోవలసి వచ్చింది. గోండి ఇంకా సంతలో ఉంది, పెళ్లిపాటలో ఉంది, కేస్లాపూర్ నాగోబా జాతరలో ప్రధాన్ గాయకులు కిక్రీ వాద్యం వాయిస్తూ పాడే కథల్లో ఉంది. నీ థీసిస్ మొదటి వాక్యంలోనే "అంతరించిపోతున్న భాష" అని రాసి కన్నీళ్లు పెట్టుకోవద్దు. మాట్లాడేవాళ్లు చదివితే వాళ్లకెలా ఉంటుంది? నువ్వు రక్షించడానికి పోవడం లేదు, నేర్చుకోవడానికి పోతున్నావు.

ఉద్యోగం సంగతి దాచను. ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టమైంది, విజయనగరంలో ఇంకొకటి 2019 నుంచి నడుస్తోంది. అలాంటిచోట్ల అవకాశం రావచ్చు, రాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ జీతం మాత్రం రాదు. అది ముందే ఒప్పుకుని చేరు. అయిదేళ్ల తర్వాత ఎవరినీ నిందించకూడదు.

ఇంకొకటి. గోండి అని దూరం చూస్తున్నావు గానీ మీరుండేది భద్రాచలం దగ్గర. కోయ భాష మీ గుమ్మం ముందుంది. 2011 లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల మంది. గోండికి అది అతి దగ్గరి భాష. కోయ గోండిలో భాగమే అనేవాళ్లూ ఉన్నారు. మీ నాన్న బ్యాంకు కౌంటరు ముందు చేతిలో పాస్‌బుక్కు పట్టుకుని నిలబడేవాళ్లలో సగం మంది ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లే. ఎవరితో మాట్లాడతావే అని అడిగిన మనిషి రోజూ కూర్చునేది వాళ్ల ఎదురుగానే. ఈ ముక్క వాడికి నేనే ఫోన్ చేసి చెబుతాను, నువ్వు చెబితే కోపం వస్తుంది.

చదువు ఇక్కడ మా ఇంట్లో ఉండి చదువుకో. అంబర్‌పేట మీదుగా పోతే ఉస్మానియా ఎంతో దూరం లేదు. గోండి చదవాలా, కోయ చదవాలా అన్నది దసరా సెలవుల్లో రెండు వైపులా తిరిగొచ్చి తేల్చుకుందువుగాని. కౌన్సెలింగ్‌లో సీటు వస్తే మాత్రం వదులుకోకు. మొదటి ఏడాది ఫీజు నా పెన్షన్‌లోంచి కడతాను.

ఇట్లు,
మీ తాతయ్య