వాడిన కారు, వట్టిపోయిన ఆవు

వాడిన కారును ధర్మసంస్థకు ఇచ్చే పద్ధతి అమెరికాలో బాగా వేళ్లూనుకుంది. ఆడీ ఏ3, మెర్సిడెస్ సీ-క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటి చిన్న విలాస కార్లు వారంటీ ముగిసి కొన్నేళ్లు గడిస్తే మరమ్మతులకే వేలకు వేలు మింగుతాయి. అమ్మబోతే తగిన ధర రాదు, ఉంచుకుంటే ఖర్చు. ఒక్క ఫోన్ చేస్తే సంస్థ మనుషులు ఇంటికే వచ్చి బండిని తీసుకుపోతారు, ఆ పైన ఆదాయ పన్నులో మినహాయింపు కూడా దొరుకుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది కొత్త సంగతి కాదు. ఇలా ఇచ్చింది దానమవుతుందా, వదిలించుకోవడమవుతుందా అన్నది ధర్మశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న కఠోపనిషత్తు అంత పాతది. వాజశ్రవసుడు సర్వస్వాన్నీ ధారపోయవలసిన యాగం చేస్తూ దక్షిణగా ఆవులను తోలించాడు. అవి ఇక నీళ్లు తాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలూ దూడలూ ఇచ్చే వయసు దాటిపోయినవి. ఇలాంటివి ఇచ్చేవాడికి ఆనందం లేని లోకాలే గతి అని కొడుకు నచికేతుడు కలత పడ్డాడు. కథలో ఆవుల ముసలితనం పెద్ద దోషం కాదు. పుచ్చుకున్న బ్రాహ్మణుడికి పాడి దక్కదు, పోషణ భారం మాత్రం మీద పడుతుంది. లెక్కలో దానం, నిజానికి బరువు అప్పగింత.

విలాస కారుకు ఈ కొలత అచ్చంగా సరిపోతుంది. ఖరీదైన పెట్రోలు, పంక్చరైనా నడిచే ప్రత్యేక టైర్లు, ఖర్చుతో కూడిన ఎలక్ట్రానిక్ మరమ్మతులు, హెచ్చు బీమా. పనికి వెళ్లడానికి బండి లేని పేద ఇంటికి ఇలాంటి కారును నేరుగా ఇస్తే మొదటి రిపేరుతోనే అది ముంగిట్లో నిలిచిపోవచ్చు. ఆ ఇంటికి సాదాసీదా కారే మేలు. అందుకే ధర్మసంస్థలు ఎక్కువగా ఇలాంటి వాహనాలను వేలంలో అమ్మి, వచ్చిన సొమ్మును తమ కార్యక్రమాలకు వాడతాయి. చాలాచోట్ల సేకరణ, వేలం రెండూ మధ్యవర్తి కంపెనీల చేతిలోనే ఉంటాయి. వాటి రుసుము పోగా మిగిలిందే సంస్థకు చేరుతుంది.

అక్కడే దానం చిల్లుకుండ అయింది. అమెరికా కాంగ్రెస్ తరఫున పనిచేసే ఆడిట్ కార్యాలయం 2003లో 54 వాహన దానాలను పరిశీలించింది. వాటిలో మూడింట రెండు వంతుల వాహనాల విషయంలో, దాతలు పన్ను పత్రంలో చూపిన విలువలో సంస్థలకు దక్కింది 5 శాతమో, అంతకన్నా తక్కువో. మరుసటి ఏడే చట్టం మారి 2005 నుంచి అమల్లోకి వచ్చింది. మినహాయింపు 500 డాలర్లు మించాలంటే, సాధారణంగా కారు వేలంలో ఎంతకు పోయిందో అంతే చూపాలి. సంస్థ ఆ మొత్తాన్ని 1098-సీ అనే పత్రంలో రాసి, అమ్మిన 30 రోజుల్లోగా దాతకు పంపాలి. సంస్థ ఆ కారును తన సేవలో గణనీయంగా వాడినా, విలువ పెరిగేలా బాగుచేయించినా, పేదవారికి ఉచితంగానో బాగా తక్కువ ధరకో ఇచ్చినా మార్కెట్ విలువ చూపుకోవచ్చు.

భగవద్గీత 17వ అధ్యాయం దానాన్ని మూడు తెగలుగా విడదీసింది. ఇవ్వడం కర్తవ్యమని, తిరిగి ఉపకారం చేయలేని యోగ్యుడికి, తగిన చోట, తగిన వేళ ఇచ్చింది సాత్వికం. ప్రతిఫలం చూసుకునో, మనసు కష్టపెట్టుకునో ఇచ్చింది రాజసం. చోటూ వేళా పాత్రతా చూడక చులకనగా పడేసింది తామసం. ఈ లెక్కన పన్ను మినహాయింపు కోసమే ఇచ్చిన కారు రాజసమే అవుతుంది. అయితే చట్టం తనంతట తాను ఇచ్చే రాయితీని అందుకోవడం వేరు, రానిది వచ్చినట్టు చూపడం వేరు. రెండోది ఏ తెగలోనూ చేరదు. అది దొంగలెక్క.

వాహనాన్ని సొమ్ము చేసుకునేందుకే ఇవ్వడం మన సంప్రదాయానికి పరాయిదేమీ కాదు. మత్స్యపురాణం చెప్పిన 16 మహాదానాల్లో బంగారు గుర్రపు రథం, బంగారు ఏనుగుల రథం ఉన్నాయి. అవి ఎక్కి తిరిగేవి కావు, వాటి విలువంతా బంగారంలోనే. దానాల విధివిధానాలను 13వ శతాబ్దంలో హేమాద్రి గ్రంథస్థం చేశాడు. ఆ పద్ధతిలో దానాలు చేసిన తెలుగు రాజుగా ప్రోలయ వేమారెడ్డికి పేరుంది. మన కాలంలో 2021 డిసెంబరులో గురువాయూరు ఆలయానికి మహీంద్రా సంస్థ కొత్త థార్ వాహనాన్ని సమర్పించింది. ఆలయ పాలక సంస్థ అయిన దేవస్వం దాన్ని వేలం వేస్తే 15.10 లక్షల రూపాయలు పలికింది. వివాదం రేగి 2022లో మళ్లీ వేలం వేస్తే 43 లక్షలు వచ్చాయి. ఒకే బండి, ఒకే దేవుడు. మొదటి వేలంతోనే సరిపెట్టుకొని ఉంటే ఆలయం దాదాపు 28 లక్షలు పోగొట్టుకునేది. అమ్మకం జరిగే తీరు కూడా దానంలో భాగమేనని ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ దొరకదు.

దాత స్వత్వం తొలగి పుచ్చుకున్నవాడి స్వత్వం ఏర్పడితేనే దానం పూర్తయినట్టని ధర్మశాస్త్రకారులు నిర్వచించారు. మోటారు వాహనానికి ఆ మార్పు రిజిస్ట్రేషన్ పత్రంలో జరగాలి. తాళాలు చేతికిచ్చి ఫొటో దిగితే చాలదు. ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే పరిహారం విషయంలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి భారతదేశంలో కారు ఇచ్చేవారు బ్యాంకు రుణం తీర్చి, ఆర్‌సీలో తాకట్టు నమోదు తొలగించుకొని, 29, 30 ఫారాలతో పేరు మార్పించాలి. వస్తురూపంలో ఇచ్చిన దానికి ఇక్కడి ఆదాయ పన్ను చట్టంలో మినహాయింపు లేదు. అది కావాలనుకునేవారు తామే కారు అమ్మి, ఆ సొమ్మును చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో అర్హత ఉన్న సంస్థకు ఇవ్వాలి. అమెరికాలో టైటిల్ పత్రం మీద సంతకం చేయడంతో పాటు, చాలా రాష్ట్రాల్లో రవాణా శాఖకు బాధ్యత విడుదల సమాచారం పంపాలి. ఇంజిన్, గేర్‌బాక్సు లోపాలుంటే దాచకుండా రాసిచ్చి, సర్వీసు రికార్డు, రెండో తాళం జతచేస్తే వేలంలో కొనేవాడికి నమ్మకం కుదిరి సంస్థకు మంచి ధర వస్తుంది.