గురివింద గింజ కింద నలుపు

ఉగాది నాడు మన దేవాలయంలో పంచాంగ శ్రవణం మొదలవగానే హాలంతా నిశ్శబ్దమవుతుంది. అంతవరకు పులిహోర లైను సంగతి మాట్లాడుకుంటున్నవారు కూడా తమ రాశి వచ్చేసరికి చెవులు రిక్కిస్తారు. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత? అంకెలు బాగుంటే చిరునవ్వు. బాగోకపోతే "ఇవన్నీ ఎవరు నమ్ముతారులెండి" అని పక్కవారితో ఒక మాట. నేనూ వారిలో ఒకణ్ణే. జ్యోతిషాన్ని నమ్మాలా వద్దా అనే వాదన ఇక్కడ చేయబోవడం లేదు. నమ్మేవాళ్ళం జాతకాన్ని దేనికి వాడుకుంటున్నాం? మన తప్పు దాచుకోవడానికా, తెలుసుకోవడానికా? నా ప్రశ్న అంతే.

నాది కన్యారాశి. 2007 నుంచి 2014 దాకా నాకు ఏలినాటి శని. జన్మరాశికి పన్నెండింట, జన్మరాశిలో, రెండింట శని ఒక్కొక్కచోట సుమారు రెండున్నరేళ్ళు ఉంటాడు కనుక మొత్తం ఏడున్నరేళ్ళు. 2009లో నా ఉద్యోగం పోయింది. ఇంట్లో చీటికీ మాటికీ విసుక్కునేవాణ్ణి. ఊళ్ళో ఉన్న తమ్ముడితో మాటలు మానేశాను. నాన్నగారి ఆబ్దికానికి కూడా ఫోను చేయలేదు. ఎవరడిగినా నా దగ్గర ఒకటే జవాబు: "శని పట్టింది, ఏం చేస్తాం?" ఉద్యోగం పోవడం నా చేతిలో లేదు, నిజమే. కాని ఫోను చేయకపోవడాన్ని కూడా శని ఖాతాలోనే వేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుంది నా సంగతి.

ఆ రోజుల్లో ఒక శనివారం తైలాభిషేకానికి వెళ్ళి ఛాయాదానం చేశాను. గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో మన ముఖం చూసుకుని, ఆ నూనెను దానం ఇవ్వాలి. నేను ఇలా చూసి అలా ఇచ్చేయబోయాను. పెద్దవారైన పూజారిగారు "తొందరేముందండీ, ముఖం సరిగా చూసుకోండి" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారేమో గాని, ఆ మాట నాకు గుచ్చుకుంది.

మన జ్యోతిషంలో నీడకు ఎంత చోటుందో తరువాత ఆలోచించాను. శనిదేవుడు ఛాయాదేవి కుమారుడు. రాహుకేతువులు ఛాయాగ్రహాలు. చంద్రుడి దారి, సూర్యుడు నడిచినట్లు కనిపించే దారి ఖండించుకునే రెండు బిందువులే అవి. వాటికి శరీరం లేదు. అయినా సూర్యచంద్రులు ఆ బిందువుల దగ్గరికి వచ్చినప్పుడే గ్రహణాలు పడతాయి. పురాణ కథలో రాహువు తల మాత్రమే. ఎంత మింగినా నిండడానికి కడుపు లేదు. మనం ఒప్పుకోని కోరికలూ, అసూయలూ ఇలాంటివే. కంటికి కనబడవు, కాని మన వెలుగును మింగుతాయి.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ (1875-1961) కూడా దీన్ని 'నీడ' అనే పిలిచాడు. మనలో మనకు నచ్చని గుణాన్ని లోపలికి తోసేసి, దాన్నే ఎదుటివారిలో చూసి మండిపడతామని ఆయన అభిప్రాయం. తాను జ్యోతిషం అధ్యయనం చేస్తున్నానని 1911లో ఫ్రాయిడ్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు కూడా. మన అమ్మమ్మలు యూంగ్‌ను చదవలేదు. అయినా "గురివింద గింజ తన కింద నలుపు ఎరుగదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

జాతకంలో ఆరవ ఇల్లు శత్రుస్థానం. కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలనే లోపలి శత్రువులూ ఆరుగురే. ఒక రాత్రి కాగితం తీసుకుని తమ్ముడిలో నాకు నచ్చనివన్నీ రాశాను. గర్వం. ఏ విషయమూ చెప్పకుండా దాచడం. తానే ముందు పలకరించడానికి అభిమానం అడ్డురావడం. మా ఆవిడ అది చదివి "మీ గురించి రాసుకున్నారా?" అని అడిగింది. ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే అలా అనుకుంది.

మర్నాడు తమ్ముడికి ఫోను చేశాను. ఉద్యోగం పోయిందని చెప్పాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. తరువాత "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అమెరికా అన్నయ్య ఓడిపోయాడని వాడికి తెలియకూడదు, అంతే. ఆ మదానికి శని బాధ్యుడు ఎలా అవుతాడు?

అన్నీ మన తప్పులేనా అని మీరడగవచ్చు. కాదు. కష్టకాలం వస్తుంది, పోతుంది అని జాతకం చెప్పే ఓదార్పు చాలా విలువైనది. నాకు జరిగింది వేరు, నేను చేసింది వేరు. మొదటిదాన్ని గ్రహాలకు వదిలినా, రెండవదాన్ని వదలకూడదు. జాతకంతో ఇంకొకరిని తూచకూడదు కూడా. "వాడి నక్షత్రమే అంత" అని పిల్లల మీద ముద్ర వేస్తే, ఆ నీడను వారు జీవితాంతం మోస్తారు. దిగులు నెలల తరబడి వదలకపోతే గ్రహశాంతితో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి.

ఈ ఉగాదికి మీ రాశిఫలం విన్న తరువాత ఇంటికి వెళ్ళి ఒక చిన్న లెక్క రాసి చూడండి. పోయిన ఏడాది నేను ఎవరిని గౌరవించాను, ఎవరిని అవమానించాను? నాకు రావలసిన రాజపూజ్యం, అవమానం పంచాంగకర్తలు లెక్కగట్టి చెబుతారు. నేను ఇచ్చినవి నేనే లెక్కగట్టుకోవాలి. రెండవ అంకె ఎక్కువగా వస్తే కంగారుపడకండి. ఫోను చేయవలసిన వారెవరో తెలిసిందన్న మాట.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.